ఆరోగ్యవంతురాలి రక్తం

పోయిన వారం మనం గీతికను ఉప్పల్ మెట్రో మెట్ల మీద వదిలేసి వచ్చాం. కిందికి దిగుతుందా, వెనక్కి తిరిగి రైలెక్కేస్తుందా అని మీలో కొందరు పందేలు కూడా వేసుకున్నారని విన్నాను. దిగింది లెండి. మెట్టుకో సాకు వెతుక్కుంటూ దిగింది.

కొత్తగా చేరిన పాఠకుల కోసం నాలుగు మాటలు. గీతికది కాకినాడ. నాచారం పారిశ్రామికవాడలో కొత్త మందులను పరీక్షించే శ్రేయాంక్ బయో అనే చిన్న కంపెనీలో, ల్యాబులో ఉద్యోగం. అదే నాచారంలో హన్మయ్య ఇంటి మేడ మీద గదిలో అద్దెకుంటోంది. అద్దె అన్నది మాటవరసకే, కౌసల్యమ్మ కింద నుంచి కేకేసి అన్నం పెట్టని రోజు లేదు. ఆ హన్మయ్యకు ఇప్పుడు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. నాయినకు నేనిస్తానని కూతురు సంతోషి ముందుకొచ్చింది, పరీక్షలన్నీ కుదిరాయి, సోమవారం ఆసుపత్రి కమిటీ ముందు తండ్రీకూతుళ్లు ఒప్పుకోలు సంతకాలు పెట్టాలి. వాడకట్టు వాడకట్టంతా ఆ పిల్లను మెచ్చుకుంటోంది. ఆ కిడ్నీ ఇవ్వకూడదని తెలిసిన మనిషి మాత్రం ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకుని కూర్చుంది.

ఆసుపత్రి పరీక్షల్లో ఏదో ఒకటి కుదరకుండా పోతుందిలే, తను నోరు విప్పే పని లేకుండానే గండం గడిచిపోతుందిలే అని గీతిక ఎదురుచూసింది. సంతోషి ప్రతి రిపోర్టూ తెచ్చి చూపించి "ఇది గూడ మంచిగనే ఉందక్కా" అన్నప్పుడల్లా పైకి నవ్వి, మేడ మీదికెళ్లి మంచం మీద బోర్లా పడుకునేది. ఒకరి ఆరోగ్యం బాగుందని తెలిసి ఏడ్చిన మనిషిని నేను ఈ సీరియల్లోనే చూశాను.

సరే, మెట్రో ముందున్న స్కైవాక్ వంతెన దిగి, మార్కెట్ వైపు నడిచింది. మేడిపల్లి దాకా వేస్తున్న ఫ్లైఓవర్ స్తంభాల దుమ్ము, బస్సుల హారన్లు, తోపుడుబండ్ల కేకలు. ఒక బండి దగ్గర ఆగి జామకాయలు కొంది. ఎవరికో తనకే తెలియదు. ఉత్త చేతులతో వెళ్లలేకపోయింది, అంతే.

కూరగాయల మార్కెట్ వెనక సందులో 'సంతోషి మగ్గం వర్క్స్'. ఒక్క షట్టర్ గది. మధ్యలో చెక్క చట్రం, దాని మీద బిగించి కట్టిన ముదురు ఆకుపచ్చ పట్టు జాకెట్టు గుడ్డ. పెళ్లిళ్ల సీజను మరి. సంతోషి కింద కూర్చుని, ఒక చెయ్యి గుడ్డ కింద పెట్టి దారం అందిస్తూ, ఇంకో చేత్తో పైనుంచి సూది దించుతూ జరీ పువ్వు కుడుతోంది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు కూర్చుని పని చేయలేనని, ఒప్పుకున్న జాకెట్లన్నీ ముందే ముగించాలని తంటాలు పడుతోంది. సాయానికొచ్చే సారలమ్మ అన్నానికి ఇంటికెళ్లింది. గదిలో ఇంకెవరూ లేరు.

"ఏందక్కా, గిప్పుడొచ్చినవ్? ఆఫీసు లేదా?" తల ఎత్తకుండానే అడిగింది సంతోషి.

"సెలవు పెట్టాను."

"గా సంచిల ఏంది? జామకాయలా? నాయినకైతే వద్దక్కా. పొటాషియం ఉంటదని డయాలిసిస్ సారు తినొద్దన్నడు గదా. గంత సదువుకున్నవ్, నీకు నేను జెప్పాల్నా!" అని నవ్వింది.

గీతిక సంచి ఒక మూల పెట్టింది. ఆ మాట సంతోషి సరదాకే అన్నా చెంప మీద కొట్టినట్టే తగిలింది. కిడ్నీలు పోయిన మనిషి ఏం తినకూడదో ల్యాబులో అందరికంటే బాగా తెలిసిన పిల్ల మరి.

"సంతోషీ, ఆ సూది కాసేపు పక్కన పెట్టు."

"జెప్పక్కా, చేతుల పని చేతులనే, చెవులు ఖాళీగనే ఉన్నయ్."

"నువ్వు కిడ్నీ ఇవ్వొద్దు."

సూది ఆగలేదు. "అమ్మ పంపిందా నిన్ను? నిన్న గూడ గిదే ఏడుపు. నీ పెండ్లి, నీ పిల్లలు, నీ పానం అని. అక్కా, నాకేమైతది? నీ కంపెనీలనే గదా నా రక్తం టెస్టు చేసిన్రు? ఫస్ట్‌క్లాస్ రక్తమని నువ్వే అంటివి. నేను గా మాట డాక్టరుకు గూడ జెప్పిన."

ఇదిగో, ఇన్నాళ్లుగా గీతిక గొంతులో అడ్డం పడుకున్న మాట ఇదే. సంతోషికి ధైర్యమిచ్చింది ఆసుపత్రి కాదు. గీతిక.

అసలేం జరిగిందో చెప్పుకుందాం. ఒక మందు పనిచేస్తోందో లేదో తేల్చాలంటే జబ్బు మనిషి రక్తం పక్కన జబ్బు లేని మనిషి రక్తం పెట్టి చూడాలి. ఆ జబ్బు లేని మనిషిని ల్యాబులో 'కంట్రోల్' అంటారు. అలాంటి మనిషిని వెతికిపెట్టే యంత్రం ఏ ల్యాబులోనూ లేదు. "బాగానే ఉన్నావా?" అని అడుగుతారు, "బాగానే ఉన్నా" అంటే సూది గుచ్చి, ఒక జ్యూసు ప్యాకెట్ చేతిలో పెడతారు. స్టాఫంతా ఒకరి రక్తం ఒకరు ఎప్పుడో పిండేసుకున్నారు. ఇక చుట్టాలు, స్నేహితులు, పక్కింటివాళ్లు. రెండేళ్ల కిందట దసరా సెలవుల్లో మనుషులు దొరక్క గీతిక తల పట్టుకుంటే, "నేనొస్త పా అక్కా, నాది తీసుకో" అని స్కూటీ వెనకెక్కింది సంతోషి.

ఆ రక్తం వంకరగా ప్రవర్తించింది. నార్మల్ మనిషి కణాలు చేయాల్సిన పని సంతోషి కణాలు చేయలేదు. మొదటిసారి తన చేతిదే ఏదో పొరపాటనుకుంది గీతిక. ఇంకోసారి రమ్మని, ఇంకోసారి తీసింది. మళ్లీ అదే. అంటే పొరపాటు కాదు. ఆ రాత్రి పుస్తకాలు తిరగేసింది, అర్థమైంది. మర్నాడు ల్యాబు పెద్ద సీతారామయ్య దగ్గరికెళ్తే ఆయన కళ్లజోడు సర్దుకుని, "కంట్రోల్ అంటే నార్మల్‌గా ఉండాలమ్మా. లేకపోతే అది కంట్రోలే కాదు. తీసేసి ఇంకొకరిని పెట్టు. ఒక్క ట్యూబు చూసి ఒకమ్మాయికి జబ్బుందని చెప్పడానికి మనం డాక్టర్లమా? రక్తం ఇచ్చినవాళ్లకు ఫలితం చెప్పకూడదన్నది రూలు కూడా" అన్నారు. గీతిక తీసేసింది. సంతోషి చోట పవన్‌కుమార్ అనే సెక్యూరిటీ గార్డు వచ్చాడు, గ్రాఫు చక్కగా కుదిరింది. సాయంత్రం ఇంటికెళ్తే గుమ్మంలోనే సంతోషి అడిగింది, "నా రక్తం ఎట్లుందక్కా?" అని. "ఫస్ట్‌క్లాస్" అంది గీతిక.

రూలు ఫలితం చెప్పొద్దంది. అబద్ధం చెప్పమనలేదు.

"నేను నీతో అబద్ధం చెప్పాను సంతోషీ," అంది గీతిక ఇప్పుడు, గోడకు ఆనుకుని కింద కూర్చుంటూ.

సూది ఆగింది.

"మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక పైపొర ఉంటుంది. ఆ పొరలో కొన్ని ప్రొటీన్లు నాటుకుని ఉంటాయి. వాటిలో ఒకదాన్ని టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ అంటాం. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, క్రిమి చేరినా, వాపు రావాలి, జ్వరం రావాలి అని కబురొస్తుంది. ఆ కబురు అందుకుని కణం లోపలికి చేర్చేది అదే. పనైపోయాక అది పొర మీది నుంచి తెగి రాలిపోవాలి. అప్పుడే కబురు ఆగుతుంది, జ్వరం తగ్గుతుంది."

"నాది రాలలేదా?"

చదువు ఇంటర్‌తో ఆపేసినా, విషయం పట్టుకోవడంలో సంతోషి ఎప్పుడూ ముందే.

"రాలలేదు. కొందరికి ఇది పుట్టుకతోనే వస్తుంది. తల్లి నుంచో తండ్రి నుంచో. ఏ కారణం లేకుండా జ్వరం, కడుపులో నొప్పి, ఒళ్లంతా సలుపు, కళ్ల చుట్టూ వాపు. కొన్నాళ్లు పీడించి దానంతటదే పోతుంది. మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి అలా సాగితే కిడ్నీల్లో ఒక పదార్థం పేరుకుపోయి..."

"నాయిన," అంది సంతోషి.

గీతిక తలొంచుకుంది.

హన్మయ్య జ్వరాలు ఆ ఇంట్లో తెలియందెవరికి? ఫ్యాక్టరీలో పనిచేసినంతకాలం జ్వరంతోనే డ్యూటీకి వెళ్లాడు. మందులషాపులో గోలీలు కొనుక్కుని మింగి, చెమట తుడుచుకుని మిషన్ దగ్గర నిలబడ్డాడు. కిడ్నీలు పోయాక డాక్టర్లు అడిగితే ఆ గోలీల సంగతి చెప్పాడు. నొప్పి మాత్రలు ఎక్కువ మింగితే ఇంతే అన్నారు వాళ్లు. అప్పటినుంచి ఆ మనిషి పొద్దున లేస్తే ఒకటే పాట, "ఎవ్వరు చెయ్యలే, గోలీలు మింగి నా పానం నేనే తీసుకున్న" అని. మేడ మీద బట్టలారేస్తూ, కింద మంచం మీంచి వచ్చే ఆ పాట రోజూ వినేది గీతిక. ఒక్క మాట చెప్తే ఆయన మీది నింద తొలగిపోతుందని తెలిసీ, క్లిప్పులు పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయేది. ఈ పాపానికి ఏ నరకంలో ఏ శిక్ష రాసి ఉందో నాకు తెలియదు. ఆమె మాత్రం అప్పటినుంచే అనుభవిస్తోంది.

"అక్కా, నాకు గూడ జ్వరమొస్తది," అంది సంతోషి మెల్లగా. "నీ ల్యాబుల అడిగిన్రు సూడు, ఈమధ్య జ్వరమొచ్చిందా అని. లేదన్న. అంతకు ముందు వారమే మంచం పట్టి లేచిన. నీకు మనుషులు దొరుకుతలేరని, వద్దంటరేమోనని జెప్పలే. మొన్న దవాఖానల గూడ గంతే. జ్వరమొచ్చినప్పుడల్లా షాపుల పనుందని డేట్ మార్పిచ్చిన. తగ్గినంకనే పోయిన. జ్వరం గిరం ఉన్నదంటే కిడ్నీ వద్దంటరని భయం."

 గీతిక మీది ప్రేమతో ఒక అబద్ధం, తండ్రి మీది ప్రేమతో ఒక అబద్ధం.

"అందరితోని అబద్ధమాడిన," సంతోషి గొంతు గట్టిపడింది. "నీతోని ఆడలే. నిరుడు ఎండల్ల, మేడ మీద మామిడికాయ ముక్కలు ఎండబెట్టేటప్పుడు అడిగిన, యాదికున్నదా? మల్ల మల్ల జ్వరమొస్తుందక్కా, ఏమన్న అయితదా అని. ఏమన్నవ్ నువ్వు?"

గుర్తుంది. ఎలా మర్చిపోతుంది? నిద్ర చాలక, పని ఎక్కువై అలా అవుతుంది, కాస్త రెస్టు తీసుకో అంది. అంటూ ముక్కల మీద ఉప్పు చల్లింది.

"జెప్పున్రి మేడం. ఏమన్నరు?"

ఇన్నేళ్లలో ఆ పిల్ల నోట 'మేడం' రావడం అదే మొదలు. గీతిక కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

"తప్పు చేశాను సంతోషీ. రూలు అనుకున్నాను. సీతారామయ్య గారు వద్దన్నారనుకున్నాను. ఒక్క ల్యాబు పరీక్షతో నమ్మకంగా ఎలా చెప్తామనుకున్నాను. అవన్నీ ఉన్నాయి, కానీ అసలు సంగతి అవేవీ కాదు. నీ ఫలితం రిపోర్టులో ఉంటే నా పని మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ ఏడు నన్ను టీమ్ లీడ్ చేస్తామన్నారు. చేశారు కూడా. తర్వాత చెప్దామనుకున్నాను. చెప్తే, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అందుకని ఇంకొన్నాళ్లు ఆగాను. ఆగిన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది."

సంతోషి చట్రం మీది జరీ పువ్వును వేలితో తడుముతూ కూర్చుంది. సందులో ఉల్లిగడ్డల ఆటో మైకు అరుచుకుంటూ వెళ్లిపోయింది.

"అప్పుడే జెప్పుంటే నాయిన కిడ్నీలు దక్కునా?"

"ఏమో. ఎంతోకొంత దక్కేవేమో. దీనికి మందులున్నాయి."

ఆ 'ఏమో' దగ్గర సంతోషి ముఖం ముడుచుకుపోయింది.  తర్వాత చీర కొంగుతో ముఖం తుడుచుకుని, సూది చేతిలోకి తీసుకుంది.

"అయితే ఒక పని జెయ్యి. సోమవారం దాక ఊకో."

"ఏంటి నువ్వనేది?"

"నాది వద్దంటే ఎవరిది పెడ్తరు? అమ్మకు షుగరు. తమ్ముడు గూడ నాయిన రక్తమే, గదే జబ్బుంటదేమో. దవాఖాన లిస్టుల పేరు రాయిస్తే ఎన్నేండ్లకొస్తదో ఎవనికెరుక? నాయినను సూస్తున్నవ్ గదా, డయాలిసిస్ మిషన్ మీదికెళ్లి లేచినప్పుడల్ల సగం మనిషైతుండు. గందుకే అంటున్న. గప్పుడు ఎట్ల ఊకున్నవో, గిప్పుడు గూడ గట్లనే ఊకో. నీకు అలవాటే గదా."

గీతిక చివ్వున తలెత్తింది. "అది కాదు సంతోషీ, విను. జబ్బు ఆయన ఒంట్లో ఉంది. దానికి మందు మొదలుపెట్టకుండా ఎవరి కిడ్నీ పెట్టినా అదీ పాడవుతుంది. నీకు మిగిలే ఒక్కటీ ఈ జబ్బుతో ఎన్నాళ్లుంటుంది? రేపు నువ్వూ ఆ మిషన్ మీదే పడుకుంటే మీ నాన్న ఆ కిడ్నీ పెట్టుకుని సుఖపడతాడా? ముందు జన్యుపరీక్ష చేయిద్దాం, నీకూ ఆయనకూ. డాక్టరుకు అంతా నేనే చెప్తాను. నా తప్పుతో సహా చెప్తాను."

"జెప్తే నీ నౌకరి పోదా?"

"పోతే పోనీ."

"నీది పోతే నౌకరి. నాది పోతే నాయిన," అంది సంతోషి. 

అప్పుడే సందు మొదట్లో ఆటో ఆగింది. ముందు కౌసల్యమ్మ దిగి, భర్తకు భుజం అందించింది. ఉప్పల్లోని డయాలిసిస్ సెంటర్ నుంచి నేరుగా వస్తున్నారు. ఆయన చేతికి వేసిన కట్టు ఇంకా అలాగే ఉంది. హన్మయ్య అడుగులో అడుగేసుకుంటూ షట్టర్ దాకా వచ్చాడు. ఒకప్పుడు ఇనుప దిమ్మెలు ఎత్తిన మనిషి, గడప ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు.

సంతోషి గబుక్కున లేచి స్టూలు వేసింది, గీతిక కూడా లేచి నిలబడింది. వెనక్కొస్తూ గీతిక మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. దాన్ని బతిమాలడం అనొచ్చు, బెదిరించడం అనొచ్చు.

"ఇంటికి పోదమంటే వింటలేడమ్మా," అంది కౌసల్యమ్మ కొంగుతో విసురుకుంటూ. "బిడ్డతోని మాట్లాడాలె, ఆటో ఆపు అని ఒకటే జిద్దు."

హన్మయ్య కూతురి వైపు చూసి, పక్కన ఎర్రబడ్డ కళ్లతో నిలబడ్డ గీతికను చూశాడు.

"గీతమ్మ గూడ ఈడనే ఉన్నదా? మంచిదే," అన్నాడు. "బిడ్డా, సోమవారం సంతకం పెట్టుమంటున్రు. నా పానం ఒప్పుతలేదు. గోలీలు మింగింది నేను, కోసుకునేది నా బిడ్డనా? డాక్టర్లనడిగితే ఏం కాదంటరు. అందరికీ గట్లనే అంటరు. ఇగ నా తెలివికి అందుతలేదు. నువ్వు మా ఇంట్ల తిన్నవ్, మా ఇంట్ల తిరిగినవ్. గా సదువు గూడ నీకున్నది. నిన్ను ఒక్క మాట అడుగుత. సంతోషి నీ తోడబుట్టిన చెల్లెనుకో. కోయనిస్తవా? నువ్వు ఊ అంటే కండ్లు మూసుకుని సంతకం పెడ్త."

మణికట్టు మీద సంతోషి వేళ్లు ఇంకా బిగిశాయి. ఊ అనడానికి ఒక్క అక్షరం చాలు. ఆయన బతుకుతాడేమో కొన్నాళ్లు. ఉద్యోగం ఉంటుంది, మేడ మీది గది ఉంటుంది, కౌసల్యమ్మ కేకలు ఉంటాయి. ఇదివరకు అన్నిసార్లూ గీతిక ఆ ఒక్క అక్షరాన్నే ఎంచుకుంది.

"కోయనివ్వను బాబాయ్," అంది.

"ఏందే గట్లంటవ్!" కౌసల్యమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. సంతోషి గీతిక చెయ్యి వదిలేసి అటు తిరిగి నిలబడింది.

ఎందుకని అడుగుతాడు, అడిగితే ప్రొటీను సంగతి, జ్వరాల సంగతి, గోలీల తప్పేమీ లేదన్న సంగతి వరసగా చెప్పాలని గీతిక మాటలు కూడదీసుకుంది. హన్మయ్య అడగలేదు. వెనక్కి తిరిగిన కూతురి భుజాలు వణకడం చూశాడు, గీతిక చెంపల మీద ఆరని తడి చూశాడు. స్టూలు మీద కాస్త ముందుకు వంగాడు.

"గీ సంగతి నీకు ఎప్పటి సంది ఎరుక, బిడ్డా?"